ఇస్త్రీ చెయ్యకూడని దుప్పట్లు

ఆ ఇంట్లో పొద్దున్నే గుడ్లు ఎలా కావాలి, టీనా కాఫీనా అని కింద హడావిడి నడుస్తుంటే, కోడలు మాత్రం మేడ మీద దుప్పట్లు తడిమి చూస్తూ ఉండేది. అతిథులు బల్ల దగ్గర కూర్చుని రొట్టెకు వెన్న రాసుకునే సమయం అది. వాళ్ళు లేచిన మంచాల మీద, పసిపిల్లల నుదుటి మీద జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించి, తలగడ దగ్గర్నుంచి కాళ్ళ దాకా మెల్లగా జరుపుకుంటూ పోయేది. కొన్ని దుప్పట్లు ఒట్టి గుడ్డల్లా తగిలేవి. వాటిని మిగతా బట్టల్లో పడేసేది. కొన్ని కాస్త బరువుగా, చల్లగా తగిలేవి. వాటిని నాలుగు కొసలూ లోపలికి తిప్పి మడిచి, రెండు చేతుల మీదా ఎత్తుకుని కిందికి తెచ్చేది. వాటిలో నిద్ర మిగిలి ఉండేది.

ఒంట్లో బోలెడు నిద్ర పెట్టుకుని వచ్చిన మనిషి మొదటి బస్సు అందుకోవాలని చీకటితోనే లేచిపోయాడనుకోండి, తీరని ఆ నిద్ర ఎక్కడికి పోతుంది? పడుకున్న చోటే ఉండిపోతుంది. చాలా ఇళ్ళల్లో దాన్ని దులిపి పారేస్తారు. ఆ ఇంటి అత్తగారికి వృథా అంటే ఒళ్ళు మంట. అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ కలిపి ముద్ద చేసి మళ్ళీ వాడే మనిషి, నిక్షేపంలాంటి నిద్రను పారబోస్తుందా?

నగరం చివర, బస్సులు చుట్టు తిరిగి వెనక్కి వెళ్ళిపోయే చోట ఉంది ఆ ఇల్లు. కింద వంటిల్లు, పెద్ద బల్ల, ఇంటివాళ్ళు ఉండే రెండు గదులు. పైన ఒక హాలు, అతిథుల కోసం మూడు గదులు. గేటుకు 'గదులు అద్దెకు ఇవ్వబడును, ఉదయం ఫలహారంతో సహా' అని బోర్డు ఉంది. దాని కింద 'మంచి నిద్రకు హామీ' అని కూడా రాయిద్దామని కొడుకు అన్నాడు గానీ అత్తగారు పడనివ్వలేదు. ఇంటికొచ్చినవాళ్ళకు పెట్టేదాన్ని బోర్డు మీదకెక్కిస్తే అంగడిలా ఉంటుందని ఆవిడ అభిప్రాయం.

నిద్ర ఉన్న దుప్పట్లను చన్నీళ్ళలో ఉతికి, నీడన ఆరేసి, మెట్ల మలుపులో ఉన్న బీరువాలో పెట్టేవాళ్ళు. చన్నీళ్ళకు మరకలు వదులుతాయి, నిద్ర మాత్రం నూలును పట్టుకునే ఉంటుంది. నిద్ర పట్టని అతిథి ఎవరైనా వస్తే అత్తగారు మనిషిని ఎగాదిగా చూసి, బీరువా తీసి, ఒక దుప్పటి ఎంచి కోడలి చేతికిచ్చేది. కాకపోతే నిద్రతో పాటు అసలు మనిషి వాసన కొంచెం వస్తుంది. పండ్ల వ్యాపారి వదిలిన నిద్రలో పడుకున్న ఓ లెక్కల మాస్టారు పొద్దున్నే బల్ల మీద గుడ్లను ఒక్కొక్కటే తీసి చెవి దగ్గర ఊపి చూసి, రెండు వెనక్కి పంపించాడు. ఈత నేర్పే అమ్మాయి నిద్ర వాడుకున్న ముసలాయన ఆ పూట ఒక్కడే ఐదుగురి రొట్టెలు తిన్నాడు. అయినా ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. హాయిగా నిద్రపోయిన మనిషికి కోపం రావడం కష్టం.

ఆ దుప్పట్ల విషయంలో ఒకటే కట్టడి. ఇస్త్రీ చెయ్యకూడదు. వేడి తగిలితే నిద్ర ఆవిరైపోతుంది. అందుకని ఆ ఇంటి దుప్పట్లు ఎప్పుడూ ముడతలు ముడతలుగానే ఉండేవి. వచ్చిన కొత్తలో కోడలు సిగ్గుపడేది గానీ తర్వాత్తర్వాత ఆ ముడతలంటే ఆమెకు గర్వంగా కూడా ఉండేది.

ఇంత కట్టడి ఉన్నా అది జరగనే జరిగింది. చేసింది మామగారు.

మామగారు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరయ్యాడు. మనిషి రిటైరయ్యాడు గానీ చేతులు కాలేదు. ఖాళీగా కూర్చుంటే బల్ల మీద చెంచాల్ని సైజుల వారీగా పేర్చేవాడు, చెప్పుల స్టాండులో చెప్పుల ముఖాలన్నీ ఒకవైపు తిప్పేవాడు. అతిథుల చొక్కాల కోసమని కొడుకు ఆవిరి చిమ్మే కొత్త ఇస్త్రీపెట్టె కొనుక్కొచ్చినప్పటి నుంచీ ఆయన కళ్ళు దాని మీదే ఉన్నాయి. ఒకరోజు మధ్యాహ్నం అత్తగారూ కోడలూ పరుపుల కొట్టుకు వెళ్ళారు. కొడుకు సరుకులకు పోయాడు. మామగారికి ఇంట్లో ముడతలుపడ్డది ఏదీ కనబడక, మెట్ల మలుపు బీరువా తెరిచాడు.

కట్టడి ఆయనకు తెలియక కాదు. తడి దుప్పట్లను ఇస్త్రీ చెయ్యకూడదనేమో అనుకున్నాడట. పొడి వాటికి ఫరవాలేదనుకున్నాడట. అలా ఎందుకనుకున్నాడో తర్వాత ఆయనకే అర్థం కాలేదు.

ఆ సాయంత్రం ఆ వీధి వీధంతా నిద్రపోయింది. కిటికీలోంచి బయటికి పోయిన ఆవిరి ఎటు వీస్తే అటు జనం ఆవులించారు. ఎదురింటి దర్జీ మిషను మీద తల ఆనించి గుర్రు పెట్టాడు. బస్సు డ్రైవరు స్టీరింగు మీద చేతులు వేసుకుని పడుకుంటే, ఎక్కిన జనం కూడా దిగి వెళ్ళకుండా సీట్లలోనే సర్దుకుని పడుకున్నారు. అత్తగారూ కోడలూ నడుచుకుంటూ ఇంటికి వచ్చేసరికి మామగారు ఇస్త్రీబల్ల పక్కన నిలబడే నిద్రపోతున్నాడు, ముఖంలో ఎంతో తృప్తి. బీరువాలో దుప్పట్లు కొత్త పుస్తకాల్లా అంచుకు అంచు కలిపి ఉన్నాయి. కోడలు ఒక్కొక్కదాని మీదా చెయ్యి పెట్టి చూసింది. ఒక్క ముడత లేదు. ఒక్క కునుకు లేదు.

"అయిపోయింది అత్తయ్యా," అంది కోడలు. "అన్నీ పోయాయి."

అత్తగారు ఒంటికాలి మీద లేచేదే. కానీ సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. చేతిలో చిన్న సంచీతో ఒకావిడ లోపలికి వస్తోంది. అత్తగారి ముఖం పాలిపోయింది.

"క్రేనావిడ," అంది మెల్లగా. "వచ్చేది ఇవాళేనన్న సంగతే మర్చిపోయాను."

ఆవిడ పెద్ద పెద్ద భవనాలు కట్టే చోట ఆకాశమంత ఎత్తున నిలబెట్టే క్రేను నడుపుతుంది. ఫోను చేసి గది అడిగినప్పుడు, నిద్ర పట్టడం లేదని చెప్తే, "వచ్చెయ్యండమ్మా, మా ఇంట్లో నిద్రకు కొదవ లేదు" అని అత్తగారు మాటిచ్చేసింది. ఇప్పుడు ఆ మాట ఇంటి మధ్యలో కూర్చుంది.

క్రేనావిడ నలభైకి అటూ ఇటూగా ఉంటుంది. పొడుగ్గా, భుజాలు వెడల్పుగా ఉంది. కళ్ళ కింద మాత్రం నల్లగా చారలు కట్టాయి. బల్ల దగ్గర కూర్చుని, ఇచ్చిన టీ రెండు చేతులతో పట్టుకుని, తన గొడవ తనే చెప్పింది. దాచుకునే ఓపిక కూడా అయిపోయినట్టుంది.

"ఎప్పుడూ చిన్న గీత కూడా పడలేదు పిన్నిగారూ నా చేతిలో. కొన్నాళ్ళ కింద ఒకసారి ఇనప దూలం ఎత్తుతుంటే తాడు కొంచెం జారింది. కొంచెమే. ఆపేశాను. ఎవరికీ ఏం కాలేదు. కింద ఉన్నవాళ్ళకి తెలీను కూడా తెలీదు. కానీ ఆ రోజు నుంచి నిద్ర పట్టబోతుంటే చాలు, చెయ్యి లీవరు మీంచి జారిపోయినట్టు అవుతుంది. దిగ్గున లేచి కూర్చుంటాను. కళ్ళు మూస్తే ఎవరి మీదైనా పడేస్తానేమోనని."

"మరి డాక్టరేమన్నాడు?" అని అడిగాడు అప్పుడే సరుకులతో వచ్చిన కొడుకు.

"మీ పక్క వీధిలో ఉన్న డాక్టరే మా క్రేనువాళ్ళందరికీ పరీక్ష చేసేది. లైట్లు వెలుగుతుంటే బటన్లు నొక్కమంటారు. పోయినసారి సగం లైట్లు నాకు కనబడనే లేదు. నిద్రపోయి రా, మళ్ళీ చూస్తానన్నాడు. అది ఎల్లుండి పొద్దున్న. ఈసారి కూడా తప్పితే కిందికి దింపేస్తారు. సామాన్ల గదిలో కూర్చుని చేతి తొడుగులు ఇవ్వాలి, తీసుకోవాలి." టీ కప్పులోకి చూసింది. "పైనుంచి చూస్తే మనుషులందరూ ఎంత బాగుంటారో తెలుసా పిన్నిగారూ. నేను మళ్ళీ పైకెళ్ళాలి."

అప్పటికి మెలకువ వచ్చి బల్ల చివర కూర్చున్న మామగారు ఆ మాట వినేసరికి లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన అన్నానికి కూడా రాలేదు.

అత్తగారు జరిగింది దాచలేదు. బీరువా ఖాళీ అయిన సంగతి చెప్పేసింది. క్రేనావిడ చిన్నగా నవ్వి, "నా టైమే అలా ఉంది లెండి. బాబాయిగారినేమీ అనకండి" అంది. ఆ రాత్రికి ఉన్న వాటిల్లోకెల్లా మెత్తటి దుప్పటి వేశారు. మర్నాడు పొద్దున్న కోడలు చెయ్యి పెట్టి చూస్తే కొట్లోంచి అప్పుడే తెచ్చినట్టుంది. ఆ మంచం మీద ఎవరూ నిద్రపోలేదు.

వంటింట్లో నలుగురూ చేరారు. మిగిలింది ఒక్క రాత్రి. మామగారు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు, స్కూల్లో బయట నిలబెట్టిన పిల్లాడిలాగ.

"పక్కింటివాళ్ళని అడిగితే?" అన్నాడు కొడుకు.

"ఏమని అడుగుతావురా, ఒక కప్పు నిద్ర ఇమ్మనా?" అంది అత్తగారు. "వాళ్ళవన్నీ ఎండలో ఆరేసిన దుప్పట్లు. ఏం ఉంటుంది వాటిలో."

"మరి మనమే నిద్రపోతే?" అంది కోడలు.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"పెద్ద దుప్పటి ఒకటుంది కదా, జంట మంచానికి వేసేది. అందరం దాని మీద పడుకుందాం. బాగా నిద్రలో ఉన్నప్పుడు లేచిపోతే మిగిలింది దాంట్లోనే ఉంటుంది కదా అత్తయ్యా. నాలుగైదుసార్లు అలా చేస్తే ఒక మనిషికి సరిపడా కాదూ?"

"పట్టపగలు నిద్రొస్తుందా మనకి?"

"నాకొస్తుంది," అన్నాడు కొడుకు. రోజూ అందరికంటే ముందు లేచి పొయ్యి వెలిగించేవాడు కాబట్టి ఆ మాట గుండె లోతుల్లోంచి వచ్చింది.

వచ్చిన చిక్కల్లా ఒకటే. నలుగురూ పడుకుంటే లేపేదెవరు? నిద్ర పూర్తిగా తీరేదాకా వదిలేస్తే దుప్పటికేమీ మిగలదు. మరీ ముందే లేపితే నిద్ర ఊరదు. గడియారం అలారం పెడితే అది అందరికీ ఒకేసారి మోగుతుంది, మనుషులేమో ఒకేలా నిద్రపోరు.

"నేను లేపుతాను," అంది క్రేనావిడ గుమ్మంలోంచి. ఎప్పుడొచ్చిందో. "బరువు ఎప్పుడు నిలకడకొచ్చిందో చూసి ఎత్తడమేగా నా పని. మీ ఊపిరి చూస్తే తెలిసిపోతుంది."

అలా ఆ ఇంట్లో మొట్టమొదటిసారి గేటుకు గొళ్ళెం పెట్టి, ఫోను క్రేనావిడ చేతికిచ్చి, మేడ మీది హాల్లో దుప్పటి పరిచారు. ఈ చివర అత్తగారు, ఆ పక్కన కోడలు, తర్వాత కొడుకు, ఆ చివర మామగారు. కర్టెన్లు వేశారు. క్రేనావిడ వెదురు కుర్చీ లాక్కుని వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుంది.

నిద్రపోవాలని కూర్చుంటే నిద్ర రాదన్నది ఆ ఇంటివాళ్ళకే తెలియాలి, వాళ్ళే మర్చిపోయారు. అత్తగారు కళ్ళు మూసుకుని మరీ పనులు చెప్పసాగింది. పాలు మూతపెట్టారా, వెనక తలుపు వేశారా, పైపు కట్టేశారా. అన్నీ నేను చూశానని క్రేనావిడ చెప్పింది. కొడుక్కు నవ్వొచ్చింది. వాడు నవ్వితే కోడలికి నవ్వొచ్చింది.

"ఏవండీ," అంది అత్తగారు కళ్ళు తెరవకుండానే. "మీరు అంత బిర్రబిగుసుకుని పడుకుంటే ఏం నిద్ర దిగుతుంది? వదులుగా పడుకోండి."

"నాకు పడుకునే అర్హత లేదు," అన్నాడు మామగారు ఆ చివర్నుంచి. "చూసి చూసి చేశాను ఈ పని."

"చాల్లెండి," అంది అత్తగారు. "ఒక్క మాట చెప్తాను, ఎవరితో అనకండి. మడతలు మాత్రం భలే వచ్చాయి. మళ్ళీ చేస్తే ఊరుకోను. పడుకోండి."

ఆ మాటకు మామగారి భుజాలు వదులయ్యాయి. కాసేపటికి అందరికంటే ముందు గురక ఆయన దగ్గర్నుంచే వచ్చింది.

సాయంత్రం దాకా అదే పని. క్రేనావిడ ఒక్కొక్కరి ఊపిరీ గమనిస్తూ కూర్చునేది. ఛాతీ లేచి పడడం ఒక్క తీరుకొచ్చి, పెదాలు కొంచెం తెరుచుకోగానే లేచి వెళ్ళి, భుజం మీద వేలు వేసి లేపేది. కమ్మటి నిద్ర మధ్యలో లేపితే ఎవరికైనా చిరాకేగా. అత్తగారు ఆవిణ్ణి ఎవరనుకుందో ఏమో, చిన్నప్పటి టీచరు పేరు పెట్టి తిట్టింది. కొడుకు ఏడుపు మొహం పెట్టాడు. లేచినవాళ్ళు మంచినీళ్ళు తాగి, అటూ ఇటూ తిరిగి, మళ్ళీ వచ్చి పడుకునేవాళ్ళు. మధ్యమధ్యలో ఆవిడ కిందికెళ్ళి పొయ్యి చూసొచ్చేది, ఫోను మోగితే బాల్కనీలోకి వెళ్ళి మెల్లగా మాట్లాడేది. ఒకసారి కోడలు సగం మెలకువలో కళ్ళు తెరిచి చూస్తే, ఆవిడ కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తమ నలుగుర్నీ అలాగే చూస్తూ ఉంది. ఆ చూపు చూస్తే కోడలికి ఎంతో నిబ్బరంగా అనిపించింది. వెంటనే మళ్ళీ నిద్రపట్టింది.

దీపాలు పెట్టే వేళకు దుప్పటి ఎత్తడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. తడిసిన దానిలా బరువెక్కింది. కోడలు చెయ్యి పెట్టి చూసి, ఏది ఎవరిదో చెప్పింది. ఇదిగో మామయ్యది, చిక్కగా ఉంది. ఇది అత్తయ్యది, అక్కడక్కడా ఉలికిపాటు ఉంది. దుప్పటిని అలాగే క్రేనావిడ మంచం మీద పరిచి, "ఇంక మీరు కాపలా కాయక్కర్లేదు అక్కా, మేం నలుగురం కలిసి మిమ్మల్ని నిద్రపుచ్చుతాం" అని చెప్పి కిందికి వచ్చారు.

కిందికొచ్చాక గానీ వాళ్ళకు తెలియలేదు. ఆ రాత్రి తాము పోవాల్సిన నిద్రంతా ముందే ఇచ్చేశారు. నలుగురికీ కళ్ళు గాజుబొమ్మల కళ్ళలా తెరుచుకుని ఉన్నాయి. చేసేదేముంది? కొడుకు పేకముక్కలు తీశాడు. అత్తగారు డబ్బాలన్నీ దించి తుడవడం మొదలుపెట్టింది. మామగారు ఆటలో మోసం చేశాడు, కోడలు పట్టుకుంది. తెల్లారేదాకా వంటింట్లో దీపం ఆరలేదు.

పొద్దున్న క్రేనావిడ మెట్లు దిగి వచ్చింది. చెంప మీద తలగడ గీత పడి ఉంది. రొట్టె రెండోసారి అడిగి తిని, సంచీ ఇక్కడే ఉంచి వెళ్తానని డాక్టరు దగ్గరికి బయల్దేరింది. గేటు దాటిందో లేదో కోడలు పైకి పరిగెత్తి దుప్పటి మీద చెయ్యి పెట్టింది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది.

మెట్ల మీద కూలబడి, "అత్తయ్యా," అని పిలిచింది. "మనం ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. అసలు ముట్టుకోలేదు. ఆవిడ నిద్రపోలేదు."

"చెంప మీద గీత ఉందిగా?"

"పడుకునుంటుంది. పడుకున్నంత మాత్రాన నిద్ర పట్టాలనేముంది? మనం నొచ్చుకుంటామని రొట్టె రెండోసారి అడిగి ఉంటుంది."

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆ రోజు ఎవరూ టీ పెట్టలేదు. మామగారు బల్ల మీద చెంచాలు అడ్డదిడ్డంగా ఉన్నా ముట్టుకోలేదు. లైట్లు వెలుగుతుంటాయి, ఆవిడకు కనబడవు. అక్కడ డాక్టరు తల అడ్డంగా ఊపుతాడు. ఈపాటికి ఊపేసి కూడా ఉంటాడు. పాపం, అంత పైన కూర్చునే మనిషి చేతి తొడుగుల మధ్య ఎలా కూర్చుంటుందని కోడలికి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా.

ఎండెక్కాక గేటు తెరుచుకుంది. క్రేనావిడ గబగబా వచ్చి, బల్ల దగ్గర నలుగురి ముఖాలూ చూసి ఆగిపోయింది.

"ఏమైంది, అందరూ అలా ఉన్నారు?"

"నువ్వు చెప్పమ్మా ముందు," అంది అత్తగారు. 'మీరు' నుంచి 'నువ్వు'లోకి ఎప్పుడు దిగిందో ఆవిడకే తెలియదు.

"ఒక్క లైటు కూడా తప్పలేదు. పైకెళ్ళొచ్చన్నాడు." క్రేనావిడ కూర్చుంది. "మీకెలా చెప్పాలో తెలీట్లేదు పిన్నిగారూ. కానీ సిగ్గు విడిచి ఒకటి అడుగుతాను. ఆ దుప్పటి నాకిచ్చెయ్యండి. అది లేకపోతే మళ్ళీ మామూలే. ఆ నిద్ర ఉన్నన్నాళ్ళూ కొంచెం కొంచెంగా వాడుకుంటాను."

నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కోడలు కళ్ళు తుడుచుకుని లేచి, "రండక్కా" అని ఆవిణ్ణి పైకి తీసుకెళ్ళింది. మిగతావాళ్ళూ వెనకే వెళ్ళారు.

ఈసారి కోడలు తొందరపడలేదు. దుప్పటిని మంచం మీద నిండా పరిచి, ఒక అంచు నుంచి మొదలుపెట్టి, అంగుళం అంగుళం చెయ్యి జరుపుకుంటూ వచ్చింది. అత్తయ్యది, అలాగే ఉంది. తనది, తన భర్తది, అలాగే ఉన్నాయి. మామయ్య చిక్కటి నిద్ర, గోరంత తరగలేదు. మంచం మధ్యకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడ ఇంకొకటి ఉంది. తక్కిన వాటి పైన, మనిషి పొడుగున, లోతుగా, ఇంకా కొంచెం వెచ్చగా. ఇనుము వాసన, గాలి వాసన.

"ఇది మా ఎవరిదీ కాదు," అంది.

క్రేనావిడకు అర్థం కాలేదు. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. చాలాసేపు ఆవిడ అలాగే వంగి నిలబడింది. తప్పిపోయిన మనిషి ఎదురైనట్టు ఆవిడ ముఖమంతా మారిపోయింది.

"ఇది నాది," అంది.

"మీదే. మా వాటిని మీరసలు వాడుకోనే లేదు. మీ నిద్ర మీరే పోయారు. పైగా మిగిల్చారు."

క్రేనావిడ మంచం అంచున కూర్చుంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. కాసేపటికి తనలో తను చెప్పుకున్నట్టు అంది.

"కింద మీ మాటలు వినబడుతున్నాయి. డబ్బాలు దించుతున్న చప్పుడు. బాబాయిగారు మోసం చేశారని మీరు గొడవపడడం. ఇంట్లో అందరూ మెలకువగా ఉన్నారులే, ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకున్నాను. చెయ్యి జారినట్టయింది, అయినా లేవలేదు. జారితే జారనీ అనుకున్నాను. అంతే గుర్తుంది." తలెత్తి చూసింది. "కానీ మా ఇంట్లో నేనొక్కదాన్నే కదా పిన్నిగారూ. అక్కడ ఎవరు మేలుకుని ఉంటారు?"

అత్తగారు వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఊరంతా నీ ఒక్కదాని చేతిలో ఉందనుకుంటున్నావా ఏమిటి? నువ్వు పడుకునే వేళకి ఆస్పత్రిలో నర్సులు లేచి ఉంటారు. రొట్టెలు కాల్చేవాళ్ళు లేచి ఉంటారు. రైళ్ళు నడిపేవాళ్ళు, వీధులు ఊడ్చేవాళ్ళు, పసిపిల్లల తల్లులు. వాళ్ళని కూడా కొంచెం చూసుకోనీ అమ్మా. నీ వంతు పొద్దున్న వస్తుంది." భర్త వైపు చూసి, "ఎవరూ లేకపోయినా మా ఆయనుంటాడు. ఆ దుప్పట్లు గుర్తొచ్చి ఇప్పట్లో ఆయనకు నిద్ర పట్టదు" అంది.

మామగారు ఒప్పుకున్నట్టు తలూపాడు. క్రేనావిడకు ఏడుస్తూనే నవ్వొచ్చింది.

వెళ్ళేటప్పుడు కోడలు ఆ దుప్పటిని మడిచి, మధ్యలో ఉన్న ఆవిడ నిద్ర చెదరకుండా సంచీలో పెట్టబోయింది. మీ నిద్ర మీది, తీసుకెళ్ళండి అని. ఆవిడ దుప్పటిని ఒకసారి ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి ఇచ్చేసింది.

"నా నిద్ర నా దగ్గరే ఉందిగా," అంది. "ఇది ఇక్కడే ఉంచండి. నాలాంటివాళ్ళు ఎవరైనా వస్తారు. కాకపోతే పొద్దున్నే లేచి గోడలెక్కుతారేమో, కాస్త చూసుకోండి."

బస్సు దాకా నలుగురూ వెళ్ళారు. ఆవిడకు కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు చుట్టు తిరిగి వెళ్ళిపోయాక వీళ్ళు ఇంటికొచ్చి, ఎవరి గదుల్లోకి వాళ్ళు పోయి, పడ్డవాళ్ళు పడ్డట్టే మధ్యాహ్నం దాటేదాకా లేవలేదు.

వాళ్ళను లేపింది ఫోను. అత్తగారు తడుముకుంటూ వెళ్ళి ఎత్తింది. కాసేపు విన్నది. తర్వాత ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, కళ్ళు నులుముకుంటూ వచ్చిన ముగ్గురి వైపూ తిరిగింది.

"దిగాల్సిన స్టాపు దాటిపోయిందట. ఆ చివరి దాకా వెళ్ళిపోతే డ్రైవరు భుజం తట్టి లేపాడట."